నైసు

ఎర్రగుంట్ల రైలుగేటు అవతల
పాలిష్ మిషన్ల కింద నీళ్లకు నిద్ర ఉండదు.
బూడిదరంగు బురద మా నాయన మోకాళ్ల దాకా
ఎండేది, పగిలేది, మళ్లా తడిసేది.

మొదటి సానకు రాయి అరుస్తాది.
రెండోదానికి కొంచెం మాట వింటాది.
మూడోది పోయినాక అరచేత్తో తడిమి
"ఇప్పుడు నైసు" అనేవాడు దస్తగిరి, మా నాయన.
ఆయనకొచ్చిన ఇంగ్లీషు అంతే.
అది ఇంగ్లీషని కూడా ఆయనకు తెలీదు.
మరలో పట్టించిన కొర్రపిండికి అదే మాట,
గడ్డం గీయించుకున్న పెండ్లికొడుక్కీ అదే.
నిలిచిపోయిన కూలి అడిగితే
నవ్వి, టీ తాపించి పంపించిన ఓనరు సంగతి మాత్రం
"నైసు జేసినాడు మే" అని
గొంతు తగ్గించి చెప్పేవాడు.

ఆరో తరగతిలో నా వ్యాసం కింద
రూతమ్మ టీచరు ఎర్రసిరాతో నైస్ అని రాసింది.
చూపిస్తే
కాగితం మీద బొటనవేలు రుద్ది చూసినాడు,
యాడన్నా గరుకు తగుల్తాదేమోనని.

ఇన్నేండ్లకు, కడప గ్రంథాలయంలో
అట్ట ఊడిన నిఘంటువులో
ఆ మాట పుట్టిల్లు దొరికింది.
లాటిన్‌లో 'ఎరగనివాడు'.
ఫ్రెంచివాళ్ల నోట్లో తెలివితక్కువోడు.
ఇంగ్లీషు గడప తొక్కినప్పుడు కూడా అది తిట్టే.
తర్వాత పిరికి.
తర్వాత అన్నిటికీ వంకలు పెట్టే సుకుమారం.
నాజూకు, సన్నం,
ఎప్పుడో ఆఖరికి, బాగుంది.
ఎన్ని వందలేండ్లు, ఎవరెవరి నాలుకలు
దాన్ని సానబట్టినాయో,
ఆ బురదంతా ఏ కాలవలోకి పోయిందో
నిఘంటువు రాయలేదు.

చదువుతాంటే ఓనరు గొంతే వినపడింది.
పలకల లెక్క తప్పు రాసి వేలిముద్ర ఏపించుకుని
పక్కవాడితో అన్నాడు:
"దస్తగిరా? ఏమీ ఎరగడు పాపం, చానా మంచోడు."
నేను అన్నం క్యారేజీ పట్టుకొని
అక్కడే నిలబడుండా.

సాయంత్రం పోయి చెప్పినా.
పగిలిన పలకల కుప్ప మీద కూర్చోని
బీడీ ఆరిపోయేదాకా విన్నాడు.
"అంటే మొదట్లో ఎర్రిబాగులోడన్న మాట!"
నవ్వినాడు.
"రాయి మాత్రం ఏం మారుతాది మే,
నైసంతా పైపైనే గదా."

ఇంకేదో అనబోయినాడు గానీ దగ్గు అడ్డమొచ్చింది.
ఆ దగ్గు మాత్రం
ఇంకా మొదటి సాన కాడే ఉండాది.