ఒక్క చేతి బండి

సోంబాబు వేలితో నొక్కాడు.
డోరు కింద రేకు అప్పడంలా విరిగింది.
"బీచ్ రోడ్డు బండేటండి?" అన్నాడు,
మరేం అడగలేదు.

ఎనభై నంబరు కాయితం, తర్వాత రెండొందల ఇరవై.
నీళ్ళు చల్లుకుంటూ గీకుతుంటే
వెండి రంగు కింద నీలం,
నీలం కింద టాక్సీ పసుపు.
నాకు అమ్మినాయన
ఒక్క చేతి బండన్నాడు.

బానెట్ మీది సొట్ట హుద్‌హుద్ నాటిదట,
కొబ్బరిచెట్టు వాలిన చోటు.
సుత్తి ఎంత బుజ్జగించినా సగమే లేచింది.
మిగతాది పుట్టీ.

అద్దాలకి పాత పేపర్లు అంటించి
తెల్లారకుండానే స్ప్రే కొట్టేశాడు,
హార్బరు దుమ్ము నిద్ర లేచేలోగా.

ఎర్రగా, కొత్త పెళ్ళికొడుకులా నిలబడింది.
"ఎన్నాళ్ళుంటుంది?"

థిన్నర్‌తో చేతులు కడుక్కుంటూ
గెడ్డంతో సముద్రం వైపు చూపించాడు.
"నన్నడక్కండి బాబూ, దాన్నడగండి."