దారం కొన

సూదికి దారం ఎక్కించే ముందర
కొన నోట్లో పెట్టి తడిపేది
మాయమ్మ నాకి నేర్పిన మొదటి పని.
ముప్పై ఏండ్లు గుంతకల్లులో
రైలు కూతల నడుమ రవికెలు కుట్టినా
ఆ తడి యాన్నుంచి వస్తాందో ఎప్పుడూ అడగల్యా.

ఒగనాడు దారం నోట్లో పెడితే
పెట్టింది పెట్టినట్టే బయటికొచ్చె,
పీచు పీచుగా, బెజ్జంలో పట్టకుండా.
కంట్లోనూ ఏమో పడినట్టుండె.
గుడ్డ నూగేమోలే అనుకోని
కొంగు ఉండజుట్టి, ఊది, ఒత్తుకుంటి.
మూడు నెల్లు ఒత్తుకుంటి.

"మన దేశమే అంతక్కా, గాలే ఎండిపోయింది" అనె
మందులషాపు గురప్ప.
అందరూ అంతే.
సీమ గురించి చెప్పినట్టే నా నోటి గురించీ చెప్తారు.
కరువంట.
కాదప్పా.
ఆ ఏడు వాన్లు దంచి కొట్టినాయి.
కాలవ నిండా ఎర్రనీళ్ళు పారతాంటే
వంతెన మీద నిలబడి సూస్తాండా.
నాలుక అంగిటికి కరుసుకోని ఉండె.

కర్నూలు పెద్దాస్పత్రిలో డాక్టరమ్మ
రెండు కాయితం ముక్కలు కింది రెప్పలకి తగిలించి
అయిదు నిమిషాలు కండ్లు మూసుకోమనె.
కాయితం మీద గీతలుండాయి, నా టేపు మీద మాదిరే.
ఎంతమంది కొలతలు తీసినా నేను!
బాలింతలవి, పెండ్లికూతుర్లవి,
దెబ్బ కనపడకుండా చెయ్యి పొడుగు పెట్టక్కా
అని మెల్లగా చెప్పినోళ్ళవి.
నా కన్నీళ్ళకి ఒగరు కొలత తీసింది అదే మొదలు.
మూడు గీతలు తడిసినాయంట.
పది దాటల్లంట.

కింది పెదవి లోపల ఇంత ముక్క కోసి
రెండు కుట్లేసిరి.
ఇంటికొచ్చి అద్దంలో తిప్పి సూసుకుంటి.
కుట్టు ఎడం, ముడి లావు.
నా దగ్గర నేర్చుకునే పిల్ల ఇట్లేస్తే
విప్పి మళ్ళీ ఎయ్యమందును.

రోగానికి పరదేశం పేరు, నాకి నోరు తిరగల్యా.
"ఒంటికి కాపలా ఉండేటివే
నీ ఊటల్ని దొంగలనుకోని కొడతాండాయి దస్తగిరమ్మా"
అని చెప్పె.
పోతాదా అంటే, పోదు, దాంతోనే బతకల్ల అనె.
సవితితో బతికినట్టు, అనుకుంటి.

బతుకుతాండా.
జొన్నరొట్టె గొంతు దిగదు, పులుసులో నానేసి మింగుతా.
ఎర్రకారం దోసె వాసనకి పానం లేసొస్తాది,
నోరు మాత్రం ఊరదు.
రాత్రి మూడుమాట్లు లేసి చీకట్లో చెంబు తడుముకుంటా.
పొద్దున వేళ్ళ కణుపులు
కత్తెర పట్టనియ్యవు.
ముందు, ఒక్కపొద్దులుంటే
నా దప్పికను దేవునికి ఇచ్చేదాన్ని.
ఇప్పుడు ఏడాదంతా దప్పికే,
ఆయప్ప లెక్క ఎట్ల రాస్తాండాడో.

పక్క మిషను కుళ్ళాయమ్మ సచ్చిపోయిన దినం
ఆమె కాళ్ళకాడ కూసుంటి.
ఇరవై రెండేండ్లు ఒగే బల్బు కింద కుట్టినాము.
లోపల అంతా పిగిలిపోతాండాది,
కన్ను మాత్రం కాలిన ఇసక.
మంటకి తాళల్యాక
సంచిలోంచి సీసా తీసి రెండు సుక్కలేసుకుంటి.
"మందేసుకోని ఏడుస్తాంది సూడండే" అనె వాళ్ళ వదినె.
సెంపల మీద జారిన
ఆ నూట ఎనభై రూపాయల నీళ్ళను
తుడుసుకోల్యా.
కుళ్ళాయమ్మకి తెలుసు.
ఆ సీసా మూత తిప్పిచ్చేది ఆమే,
నా వేళ్ళు తిరగని పొద్దుల్లో.

ఇప్పుడు దారం కొన సుంకులు తడుపుతాది.
పదిహేడేండ్ల పిల్ల,
నోటినిండా చింతకాయ, మాటలు.
మొదటిసారి చెయ్యి ఎనక్కి తీసుకునె.
"నా ఎంగిలి అత్తా..."
ఎందుకు తీసుకునిందో నాకి తెలుసు,
ఆ పిల్ల వాళ్ళమ్మకి మా వీధి గ్లాసు ఎట్ల ఇస్తాదో తెలుసు.
"ఉండాది కదా మే, ఇయ్యి" అంటి.

కొన సన్నగా, నున్నగా
బెజ్జం దాటి ఇవతలికొచ్చె.
శెట్టిగారి పెండ్లికూతురి రవికె అది.
ఇంగ హుక్కులుండాయి,
రేపు పొద్దున్నే ఇయ్యల్ల.