రెల్లు దుబ్బు

లంకల్లో ఊరికే మొలిచే గడ్డికి
కడియపులంకలో కుండీ కొన్నాను.
నూకరత్నం నవ్వింది:
"ముప్పయ్యేళ్ళు కలుపు తీసిన చేత్తో
గడ్డి నాటమంటారేంటండీ!"

అయినా నాటింది.
పేడ మాత్రం వెయ్యనివ్వలేదు.
"బలిస్తే పడిపోద్ది. దీన్ని ఆకలితో ఉంచాలి."
ఆకు అంచు మోచెయ్యి కోస్తే
చెంగుతో తుడుచుకుంది, తిట్టలేదు.

మాఘంలో కొడవలి పెట్టి
జానెడు మిగిల్చి కోసేసింది.
నెల్లాళ్ళు నా పెరడు
పుట్టెంట్రుకలు తీయించిన పిల్లాడిలా.

ఆశ్వయుజంలో ఒక పొద్దున
గేటు తీస్తూ ఆగిపోయింది.
తెల్లటి వెన్నులు గాలికి
అటూ
ఇటూ.
"మా అమ్మ పడవ దిగే రేవు ఇలాగే ఉండేదండీ,
ఏటి కోతలో లంక పోకముందు."

ఆ రోజు కలుపు జోలికి పోలేదు.
వచ్చే తొలకరికి
ఒక పిలక చీల్చిమ్మంది.
ఎక్కడ నాటుతుందో
నేనడగలేదు.