వాలుగ దవడ

మేజిస్ట్రేటు సెలవు.
వాయిదా పడ్డ మూడు ఫైళ్లు సంచిలో కుక్కుకుని
శ్రీకాకుళంలో పొందూరు బస్సెక్కాను.
అదే సంచిలో, మూడు నెలలుగా ఒక వ్యాసం:
ట్యునీషియా రాజ్యాంగ న్యాయస్థానం.
పేరు పెట్టాను. మొదటి వాక్యం రాలేదు.

అసిరమ్మత్త కొండపత్తి ఏకుతోంది.
పుల్లకి కట్టిన వాలుగ చేప దవడ,
దవడకి కంటికానని పళ్లు.
ఆకు నలుసైనా దాన్ని దాటిపోదు.

"ఏటి రాస్తన్నావే?"
"ఓ కోర్టు గురించత్తా.
సభ చేసినా, సర్కారు చేసినా
చట్టాన్ని ఒళ్లో పెట్టుకుని ఏకే కోర్టు.
రాజ్యాంగానికి పడనిది ఏరి పక్కన పడేస్తుంది."
"మంచిదే. ఎక్కడున్నాది?"
"మధ్యధరా ఒడ్డున.
కాగితం మీద."

దవడ ఆగింది.

పన్నెండుమంది జడ్జీలని రాసుకున్నారు.
ఏడాదిలోగా కూర్చోబెడతామన్నారు.
సభ ఎన్నుకోవాల్సింది నలుగురిని,
కుదిరింది ఒక్క పేరు.
ఓట్లు చాల్లేదు, మళ్లీ ఓట్లు, మళ్లీ చాల్లేదు,
ఏడేళ్లు.
కుర్చీలైనా కొన్నారో లేదో నాకు తెలీదు.
ఒక జూలై రాత్రి అధ్యక్షుడు టీవీలో మాట్లాడాడు.
తెల్లారేసరికి పార్లమెంటు గేటు ముందు మిలిటరీ బండి.
ఇది చెల్లుతుందా అని అడుగుదామంటే
తట్టాల్సిన తలుపుకి
గోడే కట్టలేదు.

"ఏకై వచ్చి మేకైనాడన్నమాట."
అత్త పత్తిలోంచి కళ్లెత్తలేదు.
"సుట్టుపక్కల దేశాల్లో?"
ఈజిప్టులో ఉంది, నైలు పక్కన పెద్ద భవనం.
అల్జీరియాలో మండలికి మొన్ననే కోర్టని పేరు మార్చారు.
మొరాకోలో కూడా...
"పళ్లున్నాయా?"
చెప్పబోయి ఆగాను.
ఉన్నాయనగలను. పిడి ఎవరి చేతిలో ఉందో
ఫుట్‌నోట్లలో వెతకాలి.

"సొసైటీవోలు ఒకపాలి ఇనప దువ్వెన తెచ్చినారు," అంది.
"నలక పోనాది. పోగూ పోనాది.
ఇప్పుడా? వాలుగే దొరకడం నేదు.
ఈ దవడ అరిగిపోతే ఏటి సెయ్యాలో తెలీదు."

ఆ అరుగుతున్నదాన్నే నా చేతిలో పెట్టింది.
నల్లకోటు మోకాళ్ల మీద మడిచి
ఒక గుప్పెడు ఏకాను.
చినిగింది.

"నొక్కకే. ఆనీ ఆనకుండా."
మళ్లీ చినిగింది.
"ఎవుల్నో కొట్టడానికి కాదే అది."

కోటు నిండా నూగు.
దులుపుకోలేదు.
ఆరున్నరకి ఆఖరి బస్సు,
రేపు పదిన్నరకి అవే మూడు ఫైళ్లు.