నాలుగు బై ఏడు

మిర్చియార్డు గదిలో పాత మిషను,
బ్రాడీపేట ఆఫీసులో కొత్తది.
పాతది తనవాళ్ళని ఉత్త పేరుతో పిలుస్తుంది:
సైదాబీ, అంకారావు, గోదాము.
కొత్తదానికి అలా కుదరదు.
పేరు, తోక చుట్టుకున్న ఆ గుర్తు, ఆపైన చుక్కలు,
అన్నీ సరిగ్గా ఉంటేనే తలుపు తీస్తుంది.
రెండింటి మధ్యా నేను.
జీతం బ్రాడీపేటది, దగ్గు యార్డుది.

"నేను రాసింది పెనాంగు వాడికి అందుతోంది సార్,
వాడు రాసింది నాకు అందట్లేదు.
మూడు వారాలు.
రాశాను రాశాను అని ఫోన్లో అరుస్తున్నాడు."

తప్పిపోయిన ఉత్తరాన్ని
కింద నుంచి పైకి చదవాలి.
ప్రతి మజిలీ తన ముద్ర పైన కొడుతుంది,
బయల్దేరిన చోటు అట్టడుగున.
వేలు పెట్టి ఒక్కో వరసా ఎక్కాను.
యార్డులో ఆమె సైదాబీ.
గడప దాటేటప్పుడు పాత మిషను ఇంటిపేరు తగిలించింది, యార్డు అని.
మంచిదే.
అవతల కొత్త మిషను చూసి
"ఈ పిల్లకి మన ఇంటిపేరు లేదే" అనుకుని
ఇంకోటి తగిలించింది.
మొదటి తోకని శాతం గుర్తుగా మార్చి
మర్యాదగా లోపలికి మడిచింది.

కవరు మీద అంతా బాగానే ఉంది.
లోపల కాగితం నెత్తిన మాత్రం
సైదాబీ శాతం యార్డు, ఆపైన ఆఫీసు.
పెనాంగు వాడు కవరు పారేసి
కాగితం చూసి జవాబు రాశాడు.
ఎవరైనా అంతే.
ఆ జవాబు బ్రాడీపేట దాకా వచ్చి
ఈ పేరుగలవారు లేరనిపించుకుని పోయింది.

రాత్రి తొమ్మిదికి నియమాల ఫైలు తెరిచాను.
నాకు ముందు విక్టర్‌పాల్ గారు రాసినవి.
ఎడమ, కుడి, డాలరు ఒకటి, డాలరు రెండు.
ఒక పంక్తి పక్కన ఆయన మాట:
"ఎందుకో తెలియదు. తీయొద్దు."
తీశాను.
యార్డు ఉత్తరాలన్నీ ఆగిపోయాయి.
మళ్ళీ పెట్టాను.
విక్టర్‌పాల్ గారూ, క్షమించండి.

సీజను, యార్డుకి నిద్ర లేదు.
కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని
సైదాబీ స్టూలు లాక్కుంది.
"మా అమ్మకి నేను సైదమ్మని.
బడి రిజిస్టర్లో షేక్ సైదాబేగం.
రేషను కార్డులో దీర్ఘం ఊడి సైదబేగం.
హమాలీలకి బీబమ్మ.
ఎవరెట్లా పిలిచినా పలుకుతాను గదా,
మీ మిషనుకేం రోగం?"

రోగం అదే.
దానికి పోల్చుకోవడం వచ్చు,
పలకడం రాదు.

పదకొండున్నరకి దొరికింది. ఒక చుక్క.
పేరు చివర చుక్క ఉంటే
పూర్తయింది, ఇక ముట్టుకోకు అని.
పాత మిషను పెడుతూనే ఉంది.
గడప దగ్గర మరో నియమం
గచ్చు మీద మరకేమో అనుకుని తుడిచేస్తోంది.
విక్టర్‌పాల్ గారి పంక్తికి పైన ఒక పంక్తి రాశాను:
యార్డు అని ఉంటే దాని జోలికి పోకు.
రెండు తోకల పేరూ ఈమెదేనని
కింద ఇంకోటి.

పోస్ట్‌మాస్టరు పేరున ఒక పెట్టె ఉంది.
మూడు వారాలుగా ఎవరూ తెరవలేదు.
ఎవరూ అంటే, నేను.
అందులో పదకొండు ఉత్తరాల నకళ్ళు.
సైదాబీ కూడా కింద నుంచి పైకే చదివింది.
నూట ఇరవై బస్తాల తేజ, మీ రేటుకి సరే.
ఎప్పుడు పంపుతారు?
ఉన్నారా?
వేరేచోట కొనేశాం.

"మొన్నటి నుంచి రేటు కూడా పడింది సార్" అంది.
అన్నీ ప్రింటు తీసి, రెండు చిల్లులు పొడిచి
ఫైల్లో పెట్టింది.
నన్నేమీ అనలేదు.

ఇంటికెళ్తుంటే శంకర్ విలాస్ వంతెన మీద
చేతిసంచీ పెద్దాయన ఆపాడు.
"నాలుగు బై ఏడు ఎటు బాబూ?"
పట్టాలకి ఇటు బ్రాడీపేటలో నాలుగో లైనుంది,
ఏడో అడ్డరోడ్డుంది.
అటు అరండల్‌పేటలోనూ ఉన్నాయి.
చెయ్యి చూపించబోయి ఆగాను.
"ఏ పేటండీ?"
జేబులోంచి చీటీ తీసి లైటు కింద పట్టుకున్నాడు.
చీటీలో పేట లేదు.
బండికి స్టాండు వేశాను.