బలపం

కటకాల మధ్య కాంతిని అడ్డం తిప్పితే
చీకట్లోంచి రవ్వలు రవ్వలుగా మెరిశాయి.
గోపాల్‌పూర్ ఒడ్డున కొన్ని రాత్రులు
అల విరిగినచోట నురగలో వెలుగుంటుంది,
అలా ఉందన్నాను.
మిశ్రా సారు నవ్వలేదు. "టాల్క్. రాసుకో" అన్నారు.

రాసుకున్నాను. కేసు నంబరు పదకొండు.
సూరాడ కొర్లయ్య, ముప్పై నాలుగేళ్లు,
ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలు లాగే పని.
నడుం పట్టేసిన నాడు ఎవరో ఇచ్చిన మాత్ర
మింగితే చాలకపోయిన రోజున
సూదిలోకెక్కింది.
మందు కరిగింది.
మందును మాత్రగా నిలబెట్టిన పిండి కరగలేదు.
నెత్తుట్లో కొట్టుకుపోయి
ఊపిరితిత్తుల సన్న సందుల్లో ఇరుక్కుంది.

బరంపురంలో రెండుసార్లు టీబీ అన్నారు.
రెండుసార్లూ ఆరేసి నెలలు, ఒక్క పూట మానలేదు.
ఆ కార్డు ఇప్పటికీ ప్లాస్టిక్ కవర్లో దాచుకున్నాడు,
పాసైన కాగితంలా.

పుస్తకంలో ఇది అరుదైన జబ్బు. నా థీసిస్‌కి ఇరవై మంది కావాలి.
రైల్వే గోడౌన్ల వెనక చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాను.
"పోలీసోల్ల మనిషివా?" అని తెలుగులో ఒకడు,
అదే ఒడియాలో ఇంకొకడు.
పేరు చెప్పకుండానే ఇద్దరూ దగ్గారు.
ఆ దగ్గు నాకిప్పుడు వీధి మలుపు నుంచే తెలుస్తుంది.
అరుదు అన్న మాటను కొట్టేసి, మళ్లీ రాసి,
సారు ఊరుకోరని అలాగే ఉంచాను.

సమ్మతి పత్రం ఒడియాలో ఉంది, ఇంగ్లీషులో ఉంది.
కొర్లయ్య తెలుగులో సంతకం చేశాడు,
'ర్ల' దగ్గర ఆగి, ఆయాసం తీర్చుకుని.
బడి ఒడియాదట. ఈ అక్షరాలు వాళ్ల అప్ప
ఇంట్లో పలక మీద దిద్దించినవి.

"లోపలున్నదేటి డాట్రమ్మా?"
వేరే మాట దొరకలేదు. బలపం, అన్నాను.
పలక మీద రాసేదే. ఆ రాతి పిండే.

చాలాసేపు ఏమీ అనలేదు.
మంచం పక్క సీసాలో ఆక్సిజన్ బుడగలు
గుడగుడమంటూనే ఉన్నాయి.
"పలకైతే కోవాకు పెట్టి తుడిసేది మా అప్ప.
పసరు వాసన రెండ్రోజులు ఏలికి వదిలేది కాదు."

నా ఫారంలో తర్వాతి గడి: రోజుకు ఎన్నిసార్లు.
పెన్ను మూత తీసి
అతని వేళ్లవైపు చూస్తున్నాను.