పసుపు, నారింజ

తేదీ రాశాను, మార్చి పదకొండు.
హాజరు: ఏడుగురు సభ్యులు,
ఎన్నడూ లేనంత మంది జనం.
కుర్చీల కింద బూట్లు విడిచిన మంచు
కరిగి మురికి నీళ్ళవుతోంది, అది రాయలేదు.
ఎవరేమన్నారో రాయడం నా పని.
ఎలా అన్నారో అక్కర్లేదు.

గోడమీద ఊరి మ్యాపు.
సరస్సు ఒడ్డు పొడవునా పసుపు:
ఒక స్థలం, ఒక ఇల్లు, ఒక కుటుంబం.
అందులో సగం నారింజ కావాలా వద్దా, ఇదీ ఇవాళ్టి సంగతి.
నారింజ అంటే
గ్యారేజీ మీద గది వేసుకోవచ్చు,
పెద్దింటిని చీల్చి రెండు గుమ్మాలు పెట్టొచ్చు,
పెరట్లో పాత సౌనా గదిలో
మనిషి పడుకోవచ్చు, దొంగచాటుగా కాకుండా.

తలా మూడు నిమిషాలు.
పచ్చ దీపం, పసుపు దీపం, ఎర్ర దీపం.

వాండర్‌మోలెన్ పార్కింగ్ గురించి మాట్లాడాడు,
పడవల ట్రైలర్ల గురించి, మురుగు పైపుల గురించి,
ఎర్ర దీపం వెలిగాక నీడ గురించి:
పక్కింటికి రెండో అంతస్తు లేస్తే
తన టమాటా మొక్కలు ఏమైపోవాలి?
ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ చేసే కొరిన్ బెసా
నలభై మైళ్ళు కారు నడుపుకుని వస్తానని చెప్పి
రెండు నిమిషాలు మిగిల్చి కూర్చుంది.
ఊరికి నర్సు కావాలి, స్కూలు బస్సు నడిపేవాడు కావాలి,
చీకటి పడితే వాళ్ళు ఎటైనా పోవాలి.
కుండలో కూడు కుండలోనే ఉండాలి,
బిడ్డ మాత్రం దుడ్డులా ఉండాలి
అనుకున్నాను.
మినిట్స్‌లో అనుకున్నవి ఉండవు.

తర్వాత లెంపి హర్యు లేచింది.
ఎనభై ఒక్కేళ్ళు, చనిపోయిన భర్త ఉన్ని కోటు,
చేతులు కప్పేసే పొడవు.
"మా వీధి ఇలాగే ఉండనివ్వండి" అంది.
"ఏ ఇంట్లో ఎవరున్నారో తెలిసిన వీధి."
చప్పట్లు.
నేను తలెత్తలేదు.
లెంపి హర్యు, బర్చ్ వీధి, వ్యతిరేకం
అని రాసి
పేరు సరిగ్గా రాశానో లేదో మళ్ళీ చూసుకున్నాను,
ఆరేళ్ళుగా ప్రతి ఒకటో తారీఖున
అద్దె డబ్బుల కవరు మీద రాసే పేరే అయినా.

ఆమె ఇంటి నేలమాళిగలో ఉంటాను నేను.
మ్యాపు ప్రకారం ఉండను.
నా మంచం, నా కుళాయి, నా ఒంటి పొయ్యి.
పైన ఆమె నడుస్తుంటే
ఇవాళ ఏ మోకాలు నొప్పో చెప్పగలను.
కడుపులో చల్ల కదలకుండా ఆరేళ్ళు
ఆ పసుపు రంగు కింద.

ముసాయిదా పదో పేజీ టైపు చేసింది నేనే:
ఉన్న గదులన్నీ తొంభై రోజుల్లో నమోదు కావాలి.
ఇన్‌స్పెక్టరు టేపు పట్టుకుని వస్తాడు.
మంటలొస్తే మనిషి పట్టేంత కిటికీ ఏదీ అంటాడు.
పునాది రాయి కొయ్యడానికి
కాంట్రాక్టరు పన్నెండు వేలంటాడు.
చట్టం వద్దన్నన్నాళ్ళూ ఆమె ఉండనిచ్చింది.
చట్టం సరేనంటే
నేనెక్కడ?

విరామంలో కిటికీ దగ్గర నిలబడ్డాను.
సరస్సు ఇంకా గట్టిగానే ఉంది.
దానిమీద చేపలవాళ్ళ గుడిసెలు, ముప్పైకి పైనే,
ప్లైవుడ్డువి, ఒకదానికి పాత ఫ్రిజ్ తలుపు,
ఏ రంగూ వెయ్యని చోట
ఎవడికి నచ్చినంత దగ్గరగా వాడు.
ఒకదాంట్లో లాంతరు.
నెలాఖరుకల్లా అన్నీ లాక్కుపోవాలి.

ఓట్లు: అనుకూలం నాలుగు, వ్యతిరేకం మూడు.
తొమ్మిదీ ఇరవై రెండుకి సభ ముగిసింది.
రాశాను.

ఇంటికొచ్చేసరికి నా గదిలో దీపం.
లెంపి స్టూలెక్కి ఉంది,
కుట్టుపని టేపు కిటికీకి నిలువుగా పట్టుకుని.
"పదకొండు అంగుళాలు," అంది వెనక్కి తిరక్కుండానే.
"వాళ్ళకెంత కావాలి?"
చెప్పాను.
ఆ గోడని కాసేపు చూసింది,
మనిషిని చూసినట్టు.
"మా ఆయన పేర్చిన రాయి."
తర్వాత టేపు రెండో కొస
నా చేతికిచ్చింది.